విమానంలో ఒంట్లో బాగోలేకపోతే ఏం చేయాలి, సిబ్బందికి ఏమని చెప్పాలి

రాత్రి విమానంలో భోజనాల ట్రేలు తీసేసి దీపాలు తగ్గించిన గంట తరువాత, టాయిలెట్ ముందు వరుసలో నిలబడి ఉండగా నాకు పై పెదవి మీద చల్లగా చెమట పట్టింది. పక్కవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించసాగాయి. నా ముందు ఒక్కరే ఉన్నారు కదా, రెండు నిమిషాలు ఓర్చుకుంటే సరిపోతుందనుకున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి, విమానం వెనక భాగంలో భోజనాలు సర్దే చోట నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. నా కాళ్ళు ఒక అల్యూమినియం పెట్టె మీదికి ఎత్తి పెట్టారు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ఎయిర్ హోస్టెస్ చేతిలో కాగితం, పెన్ను ఉన్నాయి. ఎలా ఉందని ఆమె అడిగితే అలవాటు కొద్దీ "ఏం లేదు, బాగానే ఉన్నాను" అన్నాను. "బాగానే ఉన్నానంటే నేను రాసుకోవడానికి ఏమీ ఉండదండీ. పడిపోయే ముందు ఏమైందో వరుసగా చెప్పండి" అందామె. అప్పుడు గానీ, వారం క్రితం మొదలుపెట్టిన కొత్త బీపీ మాత్ర సంగతి నాకు గుర్తు రాలేదు.

ఆ కాగితం మీద పడే మాటలే కెప్టెన్ దగ్గరకు, అక్కడి నుంచి అవసరమైతే నేల మీద ఉన్న వైద్యుడి దగ్గరకు వెళతాయి. విమానంలో అందే సాయం ఎంత త్వరగా, ఎంత సరిగా అందుతుందన్నది చాలావరకు ఆ మాటల మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో మందుల కంటే మాటలకు, మాటల కంటే ముందు చేసుకోవలసిన ఏర్పాట్లకు ఎక్కువ చోటు ఇచ్చాను.

పైన గాలి ఎందుకు వేరుగా ఉంటుంది

విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలి ఒత్తిడిని సాధారణంగా 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండే స్థాయికి సరిచేసి ఉంచుతారు. 8,000 అడుగుల స్థాయిలో పీల్చే గాలి, సముద్ర మట్టంలో ఆక్సిజన్ 21 శాతానికి బదులు సుమారు 15 శాతమే ఉన్న గాలితో సమానం. ఆరోగ్యవంతుల రక్తంలో కూడా ఆక్సిజన్ శాతం తొంభై పైచిలుకుకు దిగుతుంది. వాళ్ళకు అది తెలియను కూడా తెలియదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్ళకు మాత్రం ఆ కాస్త తగ్గుదలే ఆయాసంగానో, ఛాతీ నొప్పిగానో బయటపడవచ్చు.

రెండో సంగతి, ఒత్తిడి తగ్గినప్పుడు శరీరంలో చిక్కుకున్న గాలి సుమారు 30 శాతం దాకా వ్యాకోచిస్తుంది. కడుపు ఉబ్బరం, చెవి దిబ్బడ, సైనస్ నొప్పి దీనివల్లే వస్తాయి. ఇటీవల పొట్టకో, కంటికో, ఊపిరితిత్తులకో శస్త్రచికిత్స జరిగినవాళ్ళు కొంతకాలం ఎగరకూడదని వైద్యులు అనేది కూడా ఇందుకే. పైగా లోపలి గాలిలో తేమ తరచుగా 20 శాతం కంటే తక్కువగా ఉంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, నిద్ర లేకపోవడం, మద్యం తోడైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగడంలో వింత లేదు.

2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, అయిదు విమానయాన సంస్థల నుంచి నేల మీది వైద్య కేంద్రానికి వచ్చిన 11,920 పిలుపులను పరిశీలించింది. సగటున 604 విమానాలకు ఒక వైద్య అత్యవసరం ఎదురైనట్టు తేలింది. అందులో 37.4 శాతం సొమ్మసిల్లడం లేదా సొమ్మసిల్లబోవడం, 12.1 శాతం శ్వాస ఇబ్బందులు, 9.5 శాతం వికారం, వాంతులు. అంటే ఎక్కువమందికి జరిగేది నాకు జరిగినటువంటిదే.

మొదటి దశ: ప్రయాణానికి ముందే ఎవరికి చెప్పాలి

దీర్ఘకాలిక జబ్బు ఉండి, అది అదుపులో ఉన్నవాళ్ళు విమానయాన సంస్థకు ప్రత్యేకంగా చెప్పవలసిన పని సాధారణంగా ఉండదు. ఈ మధ్య ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్ళు, శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు, ప్రయాణంలో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళు, స్ట్రెచర్ మీద వెళ్ళవలసినవాళ్ళు, జబ్బు నిలకడగా లేనివాళ్ళు మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇందుకోసం సంస్థలు మెడిఫ్ అనే వైద్య సమాచార పత్రాన్ని ఇస్తాయి. అందులో ఒక భాగం ప్రయాణికుడు, మరొక భాగం చికిత్స చేసిన వైద్యుడు నింపితే, సంస్థ వైద్య విభాగం చూసి అనుమతి ఇస్తుంది. చాలా సంస్థలు దీన్ని కనీసం 48 గంటల ముందు అడుగుతాయి. కొన్ని అంతకన్నా ఎక్కువ గడువు పెడతాయి. తరచూ ప్రయాణించే దీర్ఘకాలిక రోగులకు ప్రతిసారీ ఈ పత్రం నింపే బాధ లేకుండా ఫ్రెమెక్ అనే కార్డు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి.

గర్భిణుల విషయంలో నియమాలు సంస్థను బట్టి మారినా, 28 వారాల తరువాత వైద్యుడి ఉత్తరం అడగడం, ఒకే శిశువు అయితే 36 వారాలకు, కవలలైతే 32 వారాలకు ప్రయాణం ఆపడం ఎక్కువగా కనిపించే పద్ధతి. విరిగిన ఎముకకు కొత్తగా పిండికట్టు వేసి ఉంటే, లోపల వాపు పెరిగే అవకాశం ఉంది కనుక రెండు గంటల లోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగమంటారు; అత్యవసరమైతే కట్టును నిలువుగా చీల్పించుకుని వెళ్ళవచ్చు. ట్యాంకు పెట్టుకుని సముద్రంలో డైవింగ్ చేసినవాళ్ళు ఒక్కసారి దిగితే 12 గంటలు, వరుసగా చాలాసార్లు దిగితే 18 గంటలైనా ఆగాకే విమానం ఎక్కాలి.

సొంత ఆక్సిజన్ సిలిండర్‌ను సాధారణంగా లోపలికి తీసుకురానివ్వరు. చుట్టూ ఉన్న గాలి నుంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం, అంటే సంస్థ ఆమోదించిన బ్యాటరీ కాన్సన్‌ట్రేటర్ అయితే అనుమతిస్తారు గానీ, ప్రయాణ సమయం కంటే బాగా ఎక్కువసేపు వచ్చేలా బ్యాటరీలు ఉండాలని షరతు పెడతారు. ప్రమాదం వస్తే పైనుంచి జారే ఆక్సిజన్ మాస్కులు ఉన్నాయి కదా అని కొందరు అనుకుంటారు. అవి విమానంలో ఒత్తిడి పడిపోయినప్పుడు, కిందికి దిగేదాకా కొద్ది నిమిషాల పాటు పనిచేయడానికి పెట్టినవి. రోగికి వాటితో పని లేదు.

చక్రాల కుర్చీ కోరేటప్పుడు మూడు రకాల కోడ్‌లు ఉన్నాయని తెలిసి ఉండాలి. మెట్లు ఎక్కగలిగి, దూరం మాత్రం నడవలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేనివాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టవలసినవాళ్ళకు డబ్ల్యూసీహెచ్‌సీ నమోదు చేస్తారు. "వీల్‌చైర్ కావాలి" అని మాత్రమే చెబితే మొదటిది రాసి ఊరుకుంటారు. తీరా విమానం మెట్ల కింద ఆగినప్పుడు పెద్దవాళ్ళు అక్కడే నిలబడిపోతారు.

రెండో దశ: ఒక కాగితం, ఒక చిన్న సంచి

నేను ఇప్పుడు ప్రతి ప్రయాణానికీ పాస్‌పోర్టుతో పాటు ఒకే ఒక కాగితం పెట్టుకుంటాను. పుట్టిన సంవత్సరం, ఉన్న జబ్బులు, జరిగిన శస్త్రచికిత్సలు, పడని మందులు, ఆహారాలు, రోజూ వేసుకునే మాత్రలు, వాటి మోతాదు, వేళ, అత్యవసరంలో ఫోన్ చేయవలసిన మనిషి వివరాలు అందులో ఉంటాయి. మందులను కంపెనీ పెట్టిన పేర్లతో కాక మూల ఔషధం పేరుతో రాయాలి, ఎందుకంటే ఒక దేశంలో అందరికీ తెలిసిన మాత్ర పేరు మరో దేశపు వైద్యుడు విని కూడా ఉండకపోవచ్చు. కాగితాన్ని ఇంగ్లిషులోనూ, వెళ్ళే దేశపు భాష వేరైతే వీలున్నంతవరకు ఆ భాషలోనూ రాయించుకోవడం మంచిది. ఈ మధ్య మోతాదు మారిన మందునూ, కొత్తగా మొదలైన మందునూ తేదీతో సహా కాగితంలో అన్నిటికన్నా పైన రాయాలి. నా కాగితంలో ఆ వరుస లేకపోబట్టే పడిపోయిన రాత్రి బీపీ మాత్ర సంగతి నా నోటి నుంచే బయటికి రావలసి వచ్చింది.

మందులన్నీ చేతి సామానులోనే ఉండాలి. ఇన్సులిన్‌ను కింద సామాన్ల గదిలో వేసే పెట్టెలో పెడితే అది గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నచోట కూడా అవసరమైన మందులకు మినహాయింపు ఇస్తారు. వాటిని విడిగా తీసి, వైద్యుడి చీటీతో పాటు భద్రతా సిబ్బందికి చూపించాలి. చేతి సామానులో కూడా రెండు భాగాలు చేసుకోవాలి. తరువాత వేసుకునే మాత్రలు తల మీది అరలో ఉన్నా ఫరవాలేదు. ఆస్తమా ఇన్‌హేలర్, నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర, అలర్జీకి అడ్రినలిన్ ఇంజెక్షన్, గ్లూకోజు పొట్లం మాత్రం ఒంటి మీదో, ముందు సీటు జేబులోనో ఉండాలి. విమానం కుదుపుల్లో ఉండి బెల్టు దీపం వెలిగినప్పుడు లేచి పై అర తెరిచే వీలు ఉండదు, ఇన్‌హేలర్ అవసరం అప్పుడే పడవచ్చు.

మూడో దశ: గేటు దగ్గరే తేడా చేస్తే

విమానం ఎక్కకముందే జ్వరం, ఆయాసం, ఛాతీలో బరువు, ఆగని వాంతులు ఉంటే, ఎక్కాక తగ్గుతుందిలే అన్న ఆశ పెట్టుకోకూడదు. పైకి వెళ్ళాక పరిస్థితి పైన చెప్పిన కారణాల వల్ల విషమించడానికే అవకాశం ఎక్కువ. ఎక్కే ముందు ఆగిపోతే కొంత డబ్బూ, ఒక రోజూ పోతాయి, అంతే. టికెట్టు పోతుందని ఎక్కేవాళ్ళను చూశాను, ఒకప్పుడు నేనూ ఎక్కాను. దానిని ఎవరికీ సిఫారసు చేయను.

ఆగిపోవాలని నిర్ణయించుకున్నప్పుడు చెప్పకుండా వెళ్ళిపోవడం పెద్ద పొరపాటు. ఒక అంచె ప్రయాణానికి హాజరు కాకపోతే, అదే టికెట్టు మీద ఉన్న మిగతా అంచెలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, చాలా సంస్థల కంప్యూటర్లలో వాటంతటవే రద్దయిపోతాయి. కాబట్టి కౌంటరులోనో గేటులోనో ఉన్నవాళ్ళతో "నాకు ఒంట్లో బాగోలేదు, ఈ విమానం ఎక్కడం లేదు, మిగతా ప్రయాణాన్ని రద్దు చేయకుండా నా బుకింగ్‌లో కారణం నమోదు చేయండి" అని స్పష్టంగా చెప్పి, చెప్పినవారి పేరు, సమయం రాసుకోవాలి. అదే రోజు ఏదైనా వైద్యుడికి చూపించుకుని ధ్రువపత్రం తీసుకుంటే తరువాత తేదీ మార్పుకూ, బీమాకూ పనికొస్తుంది.

పెట్టె అప్పటికే విమానంలోకి వెళ్ళి ఉంటే దాన్ని దింపుతారు. మనిషి లేకుండా సామాను ఎగరకూడదన్న నియమం వెనక చేదు చరిత్ర ఉంది: 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని కూల్చిన బాంబు, విమానం ఎక్కని ప్రయాణికుడి పెట్టెలోనే వచ్చింది. పెట్టె వెతికి దింపడానికి సమయం పడుతుంది కనుక నిర్ణయం ఎంత ముందు చెబితే అంత మంచిది. ఆలస్యానికి గేటు సిబ్బంది విసుక్కున్నా పట్టించుకోనవసరం లేదు.

దీనికి ఎదురు పరిస్థితి కూడా వస్తుంది. ప్రయాణికుడు వెళతానంటాడు, సిబ్బంది వద్దంటారు. ప్రయాణానికి తగిన ఆరోగ్యం లేదని సహేతుకంగా అనిపిస్తే ఎక్కించుకోకుండా ఉండే అధికారం సంస్థకు ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ప్రయాణికుల హక్కుల నిబంధన 261/2004 కూడా ఆరోగ్య కారణంతో ఆపడాన్ని పరిహారం ఇవ్వవలసిన నిరాకరణగా లెక్కించదు. ఇక్కడ వాదన కంటే పత్రం పనిచేస్తుంది. వైద్యుడి ఉత్తరం చూపించి, సంస్థ వైద్య విభాగంతో ఫోన్‌లో మాట్లాడి నిర్ణయించమని అడగాలి. అప్పటికీ కాదంటే, కారణం రాసి ఇమ్మని, తరువాతి విమానానికి ఏ పత్రం తెస్తే ఎక్కిస్తారో చెప్పమని అడగాలి.

నాలుగో దశ: గాలిలో ఉండగా ఎప్పుడు పిలవాలి

నిద్రలో ఉన్నవాళ్ళను ఇబ్బంది పెడతామేమోనన్న మొహమాటమే ఇక్కడ పెద్ద శత్రువు. ఛాతీలో నొప్పి లేదా బిగుతు, ఊపిరి అందకపోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, పెదవులు, నాలుక వాయడం, గర్భిణికి రక్తస్రావం, భరించలేనంత తలనొప్పి వంటివి కనిపిస్తే ఆ క్షణమే పిలుపు బటన్ నొక్కాలి. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ సిబ్బంది కూడా బెల్టు పెట్టుకుని కూర్చుంటారు కాబట్టి ఒకసారి నొక్కితే రాకపోవచ్చు. అప్పుడు ఆగకుండా నొక్కుతూ, పక్కవాళ్ళను గట్టిగా పిలవమనాలి.

కళ్ళు తిరుగుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా చాలామంది చేసే పని టాయిలెట్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం. అక్కడ పడిపోతే తల పగలడానికి ఎన్నో అంచులు ఉంటాయి, పడినట్టు ఎవరికీ తెలియదు. సిబ్బందికి బయటి నుంచి ఆ తలుపు తీసే వీలు ఉన్నా, తీయాలని వాళ్ళకు తెలియాలి కదా. వాంతికి సీటు జేబులోని సంచి చాలు. కళ్ళు తిరిగితే ఉన్నచోటే, వరుసల మధ్య నేల మీదైనా సరే, వెంటనే కూర్చోవాలి లేదా పడుకోవాలి. ఆ రాత్రి నేను సిగ్గుపడకుండా కూర్చుని ఉంటే మోచేతికి ఆ నల్లమచ్చ మిగిలేది కాదు.

అయిదో దశ: ఏమని చెప్పాలి

విమానంలో సమాచారం మెట్లు ఎక్కుతూ పోతుంది. ప్రయాణికుడు చెప్పింది దగ్గర ఉన్న ఎయిర్ హోస్టెస్ వింటుంది. ఆమె క్యాబిన్ సిబ్బందిలో పెద్దకు, అంటే పర్సర్‌కు చెబుతుంది. పర్సర్ కెప్టెన్‌కు చెబుతారు. కెప్టెన్ రేడియో ద్వారానో ఉపగ్రహ ఫోన్ ద్వారానో నేల మీది వైద్య కేంద్రాన్ని సంప్రదిస్తారు. మెడ్‌ఎయిర్ వంటి సంస్థలు రాత్రీ పగలూ ఇదే పని చేస్తాయి. ఇన్ని చేతులు మారే మాట మధ్యలో అరిగిపోకుండా ఉండాలంటే మొదటే గట్టిగా, పొట్టిగా ఉండాలి.

"ఏదోలా ఉంది", "నీరసంగా ఉంది", "గ్యాస్ అనుకుంటా" అన్న మాటలు పై మెట్టుకు చేరేసరికి "ప్రయాణికుడికి కాస్త అసౌకర్యంగా ఉంది" అయిపోతాయి. వాటికి బదులు ఇలా చెప్పాలి: "నాకు 58 ఏళ్ళు. ఇరవై నిమిషాలుగా ఛాతీ మధ్యలో బిగుతుగా ఉంది, ఎడమ చేతిలోకి పాకుతోంది, చెమటలు పడుతున్నాయి. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్ రోజూ వేసుకుంటాను. నాకు ఆక్సిజన్ కావాలి, విమానంలో డాక్టరు ఉన్నారేమో ప్రకటించండి." ఇందులో వయసు, లక్షణం, ఎప్పటి నుంచి, పాత జబ్బు, మందు, కోరిక అన్నీ వచ్చేశాయి. జబ్బు పేరు ఊహించి చెప్పడం కంటే లక్షణాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మేలు. ముఖ్యంగా ఛాతీ నొప్పిని గ్యాస్ అని మనమే తేల్చేస్తే, విన్నవాళ్ళు కూడా అదే రాసుకుంటారు.

భాష రాకపోతే పైన చెప్పిన కాగితం చేతికిచ్చి, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి చూపించాలి. మన భాష తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో మైకులో అడగమని సైగ చేసినా అర్థం చేసుకుంటారు. మద్యం తాగి ఉన్నా, నిద్రమాత్ర వేసుకుని ఉన్నా దాచకూడదు. తీర్పు చెప్పడానికి కాదు, ఏ మందు ఇవ్వకూడదో తెలుసుకోవడానికే అడుగుతారు.

వాళ్ళ దగ్గర ఏముంటుంది, ఎవరు నిర్ణయిస్తారు

క్యాబిన్ సిబ్బంది ప్రథమ చికిత్సలో, గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించడంలో శిక్షణ పొందినవాళ్ళు. రోగ నిర్ధారణ వాళ్ళ పని కాదు. విమానంలో ప్రథమ చికిత్స పెట్టె, ఆక్సిజన్ సిలిండర్లతో పాటు, పెద్ద విమానాల్లో వైద్యులు వాడే అత్యవసర పెట్టె ఒకటి ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఉండే ఆ పెట్టెలో బీపీ పరికరం, స్టెతస్కోప్, అడ్రినలిన్, ఆస్పిరిన్, నైట్రోగ్లిసరిన్ మాత్రలు, గ్లూకోజు ఇంజెక్షన్, శ్వాసనాళాలను తెరిచే ఇన్‌హేలర్, సెలైన్ వంటివి ఉంటాయి. గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చే ఏఈడీ యంత్రం 2004 నుంచి అక్కడి విమానాల్లో తప్పనిసరి. అన్ని దేశాల్లో పెట్టె ఒకేలా ఉండదు. మన మందు అందులో ఉంటుందిలే అని బయలుదేరకూడదు.

ఆ పెట్టెను సాధారణంగా వైద్యుడో, నర్సో ముందుకు వస్తేనో, నేల మీది వైద్యుడు అనుమతిస్తేనో తెరుస్తారు. ముందుకు వచ్చినవారిని గుర్తింపు కార్డు అడిగితే అది అవమానం కాదు. పైన చెప్పిన అధ్యయనంలో 48.1 శాతం సందర్భాల్లో ప్రయాణికుల్లో ఉన్న వైద్యులే సాయపడ్డారు.

విమానాన్ని దారి మళ్ళించాలా వద్దా అన్నది కెప్టెన్ ఒక్కరే తేలుస్తారు. పక్కన నిలబడ్డ వైద్యుడు సలహా ఇవ్వగలడు, అంతవరకే. దగ్గరలోని విమానాశ్రయంలో ఆ పరిమాణపు విమానం దిగగలదా, ఆ ఊళ్ళో తగిన ఆసుపత్రి ఉందా, ఇంధనం బరువుతో దిగడం క్షేమమా, వాతావరణం ఎలా ఉంది అన్నవన్నీ చూడాలి. అదే అధ్యయనంలో దారి మళ్ళించినవి 7.3 శాతమే. బంధువులు "వెంటనే దింపండి" అని కేకలు వేయడం వల్ల ఆ లెక్క మారదు. "అయిదు నిమిషాల క్రితం కంటే ఇప్పుడు మాట తడబడుతోంది" అని మార్పును సమయంతో సహా చెబితే మారవచ్చు.

సాధారణంగా వచ్చేవి, వెంటనే చేయవలసినవి

సొమ్మసిల్లినవాళ్ళను కూర్చోబెట్టే ప్రయత్నం చేయకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే ఎక్కువమంది ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకోకపోయినా, ఊపిరి మామూలుగా లేకపోయినా అది సొమ్మసిల్లడం కాదని భావించి సిబ్బందిని ఏఈడీ తెమ్మనాలి.

భయంతో ఊపిరి వేగంగా తీసే వాళ్ళకు వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. కాగితం సంచిలోకి ఊపిరి వదలమనే పాత సలహా విమానంలో అసలు పనికిరాదు, ఎందుకంటే ఆక్సిజన్ అప్పటికే తక్కువ. నెమ్మదిగా, తీసుకున్న దానికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు వచ్చేలా ఊపిరి తీయించాలి. అయితే అది భయమేనని రోగి తనకు తానే నిర్ధారించుకోకుండా సిబ్బందికి చెప్పాలి.

మధుమేహం ఉన్నవాళ్ళకు వణుకు, చెమట, తికమక వస్తే 15 గ్రాముల చక్కెర, అంటే అరగ్లాసు పళ్ళరసం లాంటిది, వెంటనే ఇచ్చి పావుగంటకు మళ్ళీ పరీక్షించాలి. భోజనం ఎప్పుడు వస్తుందో చూసుకోకుండా ఇన్సులిన్ వేసుకోవడమే తరచూ ఈ పరిస్థితి తెస్తుంది. ట్రే ముందుకు వచ్చాకే వేసుకోవడం క్షేమం.

చెవి నొప్పి ఎక్కువగా దిగేటప్పుడు వస్తుంది. విమానం కిందికి దిగడం నేల తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది కనుక అప్పటికి మేలుకుని ఉండి, గుటకలు వేస్తూ, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ ఉండాలి. పసిపిల్లలకు అప్పుడే పాలు పట్టాలి.

సిబ్బంది పట్టించుకోకపోతే

చాలామంది సిబ్బంది శ్రద్ధగానే ఉంటారు. అయినా ఒక్కోసారి మాట మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు స్వరం పెంచకూడదు. మాటను పై మెట్టుకు జరపాలి. "ఈ విషయం పర్సర్‌కు చెప్పండి" అని, ఆ తరువాత "కెప్టెన్‌కు తెలియజేశారా? ఏ సమయానికి?" అని అడగాలి. అరిస్తే, చెయ్యి పట్టుకుని లాగితే రోగి సంగతి వెనక్కి పోయి గొడవ సంగతి ముందుకు వస్తుంది.

మొదటి మెట్టు దగ్గర ఆగిన మాట ఎంత దూరం పోతుందో అమెరికా సుప్రీంకోర్టు 2004లో తేల్చిన ఒలింపిక్ ఎయిర్‌వేస్ కేసు చూపిస్తుంది. 1998 జనవరిలో, విమానాల్లో పొగతాగే వరుసలు ఇంకా ఉన్న రోజుల్లో, ఆస్తమా ఉన్న ఒక వైద్యుడికి ఆ వరుసలకు దగ్గరలో సీటు వచ్చింది. ఆయనను అక్కడి నుంచి మార్చమని భార్య మూడుసార్లు అడిగింది. విమానం నిండిపోయిందని ఎయిర్ హోస్టెస్ నిరాకరించింది. నిజానికి పదకొండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన ఆ ప్రయాణంలోనే చనిపోయారు. సాయం నిరాకరించడం కూడా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం "ప్రమాదం" కిందికి రాగలదని కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు నిలబడటానికి బలం, ఆమె ఎన్నిసార్లు, ఏమని అడిగిందో, ఏమని జవాబు వచ్చిందో స్పష్టంగా చెప్పగలగడంలోనే ఉంది.

అందుకే పక్కన ఉన్న బంధువు ఫోన్‌లో సమయంతో సహా మూడు నాలుగు ముక్కలు రాస్తూ ఉండాలి: "2:10, ఛాతీ నొప్పి అని చెప్పాం. 2:25, ఎవరూ రాలేదు. 2:30, పర్సర్ వచ్చారు, ఆక్సిజన్ పెట్టారు." సిబ్బంది అనుమతి లేకుండా వీడియో తీయడం కొన్ని సంస్థల్లో నిషిద్ధం, పైగా పరిస్థితిని చెడగొడుతుంది. రాత సరిపోతుంది.

ఆరో దశ: దిగిన తరువాత

కెప్టెన్ ముందే కబురు పంపి ఉంటే అంబులెన్సు సిబ్బంది గేటు దగ్గరకు వస్తారు. వాళ్ళు లోపలికి వచ్చేదాకా రోగి సీట్లోనే ఉండాలి. మిగతా అందరినీ కూర్చోమని ప్రకటిస్తారు. తేరుకున్నాం కదా అని వాళ్ళ పరీక్షను కాదనకూడదు, కనీసం బీపీ, ఈసీజీ చూపించుకుని కాగితం తీసుకోవాలి. జ్వరంతో పాటు దద్దుర్లో, తీవ్రమైన దగ్గో ఉంటే విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు చెప్పడం సిబ్బంది బాధ్యత. ప్రశ్నలు అడిగితే నేరస్థుణ్ణి చూసినట్టు చూస్తున్నారని నొచ్చుకోనవసరం లేదు.

ఆసుపత్రిలో చేరవలసి వస్తే చేరకముందే, లేదా చేరిన వెంటనే, ప్రయాణ బీమా సంస్థ సహాయ నంబరుకు ఫోన్ చేయాలి. చెప్పకుండా చేరితే ఖర్చు ఇవ్వడంలో పేచీ వస్తుంది. మధ్య విమానాశ్రయంలో దిగిపోతే పెట్టె ఎక్కడికి వెళుతుందో, వెంట వచ్చినవారి టికెట్టు ఏమవుతుందో అక్కడి సంస్థ ప్రతినిధిని అడిగి, మిగతా అంచెలు రద్దు కాకుండా నమోదు చేయించుకోవాలి. మళ్ళీ ఎగరాలంటే ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందన్న ధ్రువపత్రం అడగవచ్చు కనుక ఆసుపత్రి వదిలే ముందే అది రాయించుకోవాలి.

నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణం తరువాత సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అలాగని అందరికీ వచ్చేది కాదు, దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ప్రయాణం ముగిసి వారం గడిచినా సరే, వైద్యుడికి "నేను విమానంలో వచ్చాను" అన్న ముక్క మొదటే చెప్పాలి.

ఏడో దశ: సంస్థకు రాయడం

సిబ్బంది విమానంలోనే వైద్య సంఘటన నివేదిక రాస్తారు. దాని నకలు అక్కడికక్కడ ఇవ్వకపోవచ్చు గానీ, నివేదిక రాశారా అని అడిగి, రాసినవారి పేరు తెలుసుకోవచ్చు. బోర్డింగ్ పాస్ పారేయకూడదు. ఫిర్యాదు రాసేటప్పుడు విమానం నంబరు, తేదీ, సీటు నంబరు, సమయాల వరుస, ఎవరు ఏమన్నారు, పక్క సీట్లో చూసినవారు ఎవరు, ఆసుపత్రి కాగితాలు, అయిన ఖర్చు, ఏం కోరుతున్నారు అన్నవి ఉండాలి. కోపం ఒక వాక్యానికి మించకూడదు.

అంతర్జాతీయ ప్రయాణాలకు ఎక్కువ దేశాల్లో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం విమానంలో, లేదా ఎక్కేటప్పుడు దిగేటప్పుడు, జరిగిన "ప్రమాదం" వల్ల శరీరానికి హాని జరిగితేనే సంస్థ బాధ్యత వహిస్తుంది. ఉన్న జబ్బు దానంతటది ముదరడం ప్రమాదం కాదు. ప్రయాణికుడికి వెలుపల నుంచి ఎదురైన అసాధారణ సంఘటన అయి ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1985లో ఎయిర్ ఫ్రాన్స్ కేసులో నిర్వచించింది. సాయం అడిగితే నిరాకరించడం దానిలోకి రావచ్చని ఒలింపిక్ కేసు చూపింది. దావా వేయడానికి గడువు రెండేళ్ళు. గమ్యం చేరిన రోజు నుంచి, చేరకపోతే చేరవలసిన రోజు నుంచి, ప్రయాణం మధ్యలోనే ఆగిపోతే ఆగిన రోజు నుంచి దాన్ని లెక్కిస్తారు. సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు. కాబట్టి మొదటి ఉత్తరం రాసిన రోజే గడువు ముగిసే తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.